లారీలన్నీ ఆపి టైపు చేసిన మనిషి

2017. దుబాయ్‌లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఫ్రంట్ ఎండ్ డెవలపర్‌ని. అంటే, వెనకాల లెక్కలు వేరేవాళ్లు చూస్తారు; తెర మీద కనిపించేదానికి తిట్లు నేను తింటాను.

జెబెల్ అలీలో ఓ లారీల కంపెనీకి మేం ఒక స్క్రీను చేసిచ్చాం. యార్డులో ఉన్న లారీలన్నీ అందులో వరసగా కనిపిస్తాయి. పక్కనున్న గడిలో గేటు నంబరు కొడితే ఆ డ్రైవరు ఫోనుకు వెళ్తుంది. కొన్నాళ్లకు "స్లోగా ఉంది" అని ఫిర్యాదు వచ్చింది. మా ఆఫీసులో చూస్తే బ్రహ్మాండంగా ఉంది. "మా దగ్గర బాగానే పనిచేస్తోంది" అని జవాబిచ్చాం. డాక్టరు చెయ్యి పట్టుకోకుండానే "గ్యాస్ అయ్యుంటుంది" అనడం లాంటిది అది. ఫిర్యాదులు ఆగలేదు. చివరికి నన్నే పంపారు.

స్క్రీను ముందున్న డిస్పాచర్, అంటే ఏ లారీ ఏ గేటుకో చెప్పే మనిషి, సత్తిబాబు గారు. కోనసీమ.

"తెలుగోరా అండీ? ఏ ఊరండి?"

"హనుమకొండ."

"అయితే మా స్క్రీను పాడుచేసింది తెలంగాణ వాళ్లన్నమాటండి."

"కట్టింది మేమే. పాడైందో లేదో చూద్దామనే వచ్చిన."

ఆయన నవ్వి, వాకీటాకీ అందుకున్నారు. "సబ్ లోగ్ రుక్ జావ్! కోయీ మత్ హిల్నా!"

కిటికీలోంచి చూశాను. యార్డులో లారీలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. సత్తిబాబు గారు ఒక్క వేలితో ఒక అంకె కొట్టి, అది పడిందని నమ్మకం కుదిరాక ఎంటర్ నొక్కారు. "హా, అబ్ చలో. యల్లా యల్లా!" లారీలు మళ్లీ కదిలాయి.

"ఏందిది సత్తిబాబు గారూ?"

"లారీలు కదుల్తుంటే అంకె పడదండి. ఏడు కొడతానండి, రాదు. మళ్లీ కొడతానండి, రెండూ కట్టగట్టుకుని వస్తాయి. డెబ్భై ఏడో గేటు ఈ యార్డులో ఎక్కడుందండి? పాపం ఓ పఠాను దానికోసం పొద్దున్నంతా తిరిగాడండి."

అక్కడ మేనేజరును ముదీర్ అంటారు. అద్దాల గదిలో కూర్చున్న ఆ ముదీర్‌కు మాత్రం అస్తమానం ఆగే లారీలే కనిపించాయి. ఈయనకు కంప్యూటర్ రాదని తేల్చేసి, ఆదివారం నుంచి ఎక్కడో దూరాన ఉన్న ఫుజైరా క్వారీకి వెళ్లమన్నాడు.

"ఫుజైరా మంచిగనే ఉంటది కదా, నిమ్మళంగా."

"మా ఆవిడ ఇక్కడ ఓ ఇంట్లో పన్లో ఉందండి. శుక్రవారం సాయంత్రం కాసేపు వదుల్తారండి. పార్కులో కూచుని బిర్యానీ తిని, ఎవరి దారిన వాళ్లం పోతామండి. ఫుజైరా అంటే అది ఖలాసండి."

వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పారు. నేను ల్యాప్‌టాప్ తెరిచాను.

ఆయన పక్కన కూర్చుంటే జబ్బు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒక లారీ రవ్వంత కదిలినా మా స్క్రీను లారీలన్నింటినీ, నంబరు గడితో సహా, మొదటినుంచీ మళ్లీ సిద్ధం చేసుకునేది. దీన్ని రీ-రెండర్ అంటారు. ఒక బల్బు పోతే ఇల్లంతా వైరింగు చేయించడమన్నమాట. ఆ హడావుడిలో, కొట్టిన అంకె వంతు కోసం నిలబడేది. మా ఆఫీసులో పరీక్షకు పెట్టుకున్న లారీలు కాసిని. అవి ఎన్నడూ కదిలిన పాపాన పోలేదు.

ప్రతి లారీ వరసనూ ప్యూర్ కాంపొనెంట్‌గా మార్చాను. అంటే, "నీకు అందింది మారితేనే మళ్లీ గీసుకో, లేకపోతే గమ్మునుండు" అని చెప్పడం.

"అమ్మో, కొడితే పడుతోందండి!" అన్నారు సత్తిబాబు గారు. నేను చాయ్‌కి లేచాను.

"ఏవండోయ్! ఈ లారీ గేటు దాటి పోయిందండి. మీ స్క్రీన్లో ఇంకా ఇక్కడే ఉందేంటండి?"

చూస్తే ఏ లారీ కదలడం లేదు. స్క్రీను మహా చురుగ్గా ఉంది, శవానికి జ్వరం లేనట్టు.

ప్యూర్ కాంపొనెంట్ తనిఖీ పైపైనే. టిఫిన్ డబ్బా పాతదా కొత్తదా అని చూస్తుంది తప్ప మూత తీయదు. మా కోడేమో లారీ కదిలినప్పుడల్లా పాత డబ్బాలోనే కూర, అంటే లారీ ఉన్న చోటు, మార్చేది. డబ్బా అదే కనక కూరా నిన్నటిదే అనుకుంది స్క్రీను. ఆ కోడ్ రాసినతను ఉద్యోగం మానేశాడు. మా వృత్తిలో చెడ్డ కోడంతా మానేసినవాళ్లే రాస్తారు. కదిలిన లారీకి కొత్త డబ్బా, మిగతావాటికి పాతదే అని సరిచేశాను.

ఈలోగా ముదీర్ వచ్చి మా వెనక నిలబడ్డాడు. లారీలు బారులు తీరే వేళ. సత్తిబాబు గారి చెయ్యి అలవాటుగా వాకీటాకీ మీదికి పోయింది.

"సబ్ లోగ్ రుక్..."

నేను దగ్గాను.

"నహీ నహీ! చల్తే రహో, చల్తే రహో!" అంటూ ఆయన ఏడు నొక్కారు. ఒక్క ఏడే పడింది. బయట లారీలు వాటి మానాన అవి కదులుతున్నాయి, స్క్రీన్లోనూ కదులుతున్నాయి. మరో నంబరు, ఇంకో నంబరు. ముదీర్ కాసేపు చూశాడు.

"ఫుజైరా, సార్?" అన్నారు సత్తిబాబు గారు, వెనక్కి తిరక్కుండానే.

"ఫుజైరా ఖలాస్. యల్లా, కామ్ కరో" అని ముదీర్ తన గదిలోకి వెళ్లిపోయాడు.

నేను బయటికొచ్చి గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. జెబెల్ అలీ ఎండలో ఎవరూ కోరి చేయని పని అది.

అప్పట్నుంచి, స్లో అన్న మనిషి పక్కన కాసేపు కూర్చోకుండా నేను జవాబివ్వను. స్క్రీనును ఎంత తక్కువసార్లు గీయించామన్నది కూడా గొప్ప కాదు. మారింది మారినట్టు కనపడాలి, మారనిదాన్ని ఉన్నచోట ఉండనివ్వాలి. ఇదంతా సత్తిబాబు గారికి చాయ్ తాగుతూ ఆరోజే చెప్పాను. శ్రద్ధగా తలూపారు కానీ, బుర్రకెక్కిందనుకోలేదు.

శుక్రవారం సాయంత్రం వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. పార్కు గడ్డి మీద బిర్యానీ పొట్లం, పక్కన రెండు జతల చెప్పులు. కింద ఒకటే మాట:

"ఉన్నచోటే ఉన్నామండి."