చింతచెట్టు కింద కొత్తోళ్లు

మా తాత రాయమల్లు చెట్టు దిక్కు చూసి ఒక్కసారి దగ్గితే చాలు, ఖానాపూర్ నుంచి ధర్మపురి దాకా ఎండిన కొమ్మలన్నీ వాటంతటవే దిగొచ్చి కట్టెల మోపులయితయి. ఈ మాట పుట్టించి నోటుబుక్కుల రాసింది నేనే. నిజానికి మోకాళ్లు పోయి పదేండ్లాయె, తాత చెట్టే ఎక్కడు. కింద నిలబడి కొత్తోళ్లకు పని నేర్పుతడు.

మొన్న ఎండకాలం చంద్రవ్వ ఇంటి చింతచెట్టు పని వచ్చింది. ఓ పెద్ద కొమ్మ సగం ఎండి ఆమె పెంకుటింటి మీదికి వంగింది. గాలివానలు రాకముందే దించాలె, ఒక్క పెంకు పగలొద్దు. పైకెక్కే అంజన్న పాతోడే. కింద తాడు పట్టే పరశురాములుకు, కొమ్మలు గుంజే యాదవ్వకు మాత్రం అదే మొదటి రోజు.

"దుబాయిల నలభై అంతస్తుల మీద పనిచేసిన కాకా! గీ తాడెంత?" అని పరశురాములు తాడును అరచేతికి చుట్టుకున్నడు.

"అది పైన పని. కింద పని నువ్వింకా నేర్వలే. ముందు ఆ చుట్టు విప్పు, వేళ్లు పోతయి," అన్నడు తాత.

పని నేర్పనీకి తాత ఇసుక బస్తాను తాడుకు కట్టి, అంజన్నతోని కొమ్మ మీంచి వదిలించిండు. పరశురాములు చేతుల్లోంచి తాడు సర్రున జారింది, బస్తా దబ్బున పడ్డది. రెండోసారి తాత తాడును చెట్టు మొదలుకు రెండు చుట్లు తిప్పి, అతన్ని దూరంగ నిలబెట్టి కొస చేతికిచ్చిండు. బస్తా పల్లకిల పెండ్లిపిల్ల లెక్క మెల్లగ దిగింది.

"బరువు చెట్టు మోస్తది. నువ్వు జర వదులుకుంట పో."

పని మొదలైంది. చిన్న కొమ్మ పడిందో లేదో, దాని నిండ చింతచిగురు చూసి యాదవ్వ కొంగు పట్టుకుని ఉరికింది. పైన రంపం ఆడుతనే ఉంది.

"అంజన్నా, ఆగు!" తాత కేకకు రంపం ఆగింది.

యాదవ్వ తిట్లకు తయారై నిలబడ్డది. తాత తిట్టలే. చెట్టు చుట్టూ సున్నంతో గీత గీసిండు.

"చిగురంత నీదే. కని ఇప్పటిసంది ఈ గీతకు కావలి నువ్వే. నువ్వు రమ్మనకుండ ఎవ్వలు లోపలికి రావద్దు, నేనైనా సరే."

తాడు కట్టి అంజన్న కోస్తుంటే పెద్ద కొమ్మ కదిలింది. తాడు ఎట్ల నడుస్తుందో చూద్దామని తాత ఒక్కడుగు గీత లోపలికేసిండు.

"మామా! ఎనుకకు! కండ్లు కనవడ్తలేవా?" యాదవ్వ అరిచింది.

తాత గీత అవతలికి వెనక్కి జరిగిండు. పరశురాములు మెల్లమెల్లగ తాడు వదిలిండు. కొమ్మ కప్పును తాకకుండ పక్కకు జరిగి వాకిట్ల వాలింది. చంద్రవ్వ పెంకులన్నీ చూసుకుని అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

"నువ్వు చేసిందేంది తాతా? చేతులు కట్టుకుని నిలబడ్డవ్, తిట్లు తిన్నవ్. నీ గురించి ఏం రాయాలె?" అనడిగిన.

"ఎవ్వలకు దెబ్బ తాకలేదని రాయి. ఇగ పెన్ను పక్కకు పెట్టి ఆ తాడు చుట్టు."