మావయ్య ట్రాక్టరూ, జీడితోట ఎత్తూ

మా ఇంట్లో ట్రాక్టరు వయసులో మా ఆయనకంటే పెద్దది. వాళ్ల నాన్న, అంటే మా మావయ్య, పెళ్లయిన కొత్తలో కొన్నాడట. రంగు ఎప్పుడో వెలిసిపోయింది, మీటర్లలో ఒక్కటీ పనిచెయ్యదు. అయినా పొద్దున్నే దాని సీటు తుడవందే ఆయన టీ ముట్టడు. మోకాళ్లు అరిగి క్లచ్ తొక్కడం కష్టమయ్యాక నాకు నడపడం నేర్పాడు. మా ఆయన గరివిడిలో ఫ్యాక్టరీ షిఫ్టులకు పోతాడు, అత్తకు ఆ మోత గిట్టదు, ఇంక ఇంట్లో మిగిలింది నేనే. నేను నడుపుతుంటే మావయ్య పక్కనే మడ్‌గార్డు మీద కూర్చుని, వైద్యుడు నాడి చూసినట్టు ఇంజను చప్పుడు వింటూ ఉంటాడు.

గజపతినగరం దాటి లోపలికి వెళితే మా ఊరు. ఊరి వెనక కొండవాలులో మాకు కొంచెం మెట్ట ఉంది. పోయినేడు వానల్లో అక్కడ జీడిమొక్కలు పెట్టాం. మొదటి ఎండాకాలం తడి అందకపోతే అవి బతకవు. పైన బోరు లేదు. కింద మా బావి దగ్గర డ్రమ్ములు నింపి, తొట్టిలాంటి ట్రక్కులో వేసుకుని, దాన్ని ట్రాక్టరు వెనక కట్టి పైకి లాక్కెళ్లాలి. దారి సగందాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఒక మలుపు, మలుపు తిరిగితే మీదికి పడేలా ఎత్తు.

మొదటిసారి వెళ్లిన రోజు మా ఆయనకు సెలవు. డ్రమ్ములు పట్టుకుని ట్రక్కులో నిలబడ్డాడు. మలుపు తిరిగామో లేదో ఇంజను గొంతు పూడుకుపోయింది. గొట్టంలోంచి నల్లటి పొగ వచ్చి మా ముగ్గురినీ కమ్మేసింది. నేనప్పటికే మొదటి గేరులో ఉన్నాను, ఇంక దించడానికి గేరు లేదు. రెండుసార్లు గుక్కపట్టి బండి ఆగిపోయింది. బ్రేకు మీద నా బరువంతా వేసి నొక్కి పట్టాను. మా ఆయన దూకి వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు. అప్పుడు గానీ నేను బ్రేకు మీంచి కాలు తీయలేదు.

మావయ్య మాత్రం నిదానంగా దిగి, బండిని చూసి, ఎత్తును చూసి, తేల్చి చెప్పాడు.

“బండికేటీ అవలేదు. కొండే కొంచెం పెరిగినట్టున్నాది.”

మా ఆయనకు నవ్వు ఆగలేదు. ఒక్క డ్రమ్ము మిగుల్చుకుని తక్కినవి అక్కడే ఒలకబోస్తే గానీ బండి కదల్లేదు. పైకి చేరి ఆ కాసిన్ని నీళ్లూ చెంబులతో తలా కొంచెం పోశాం. చివరి వరసల మొక్కలు ఆకులు వాల్చి మావైపే చూస్తున్నట్టు అనిపించింది నాకు.

ఆ సాయంత్రం మా ఆయన కొత్త ట్రాక్టరు ఎవరిదైనా బాడుగకు మాట్లాడదామన్నాడు. మావయ్య అన్నం కెలికి లేచిపోయి ట్రాక్టరు దగ్గర కూర్చున్నాడు. నేను మజ్జిగ పట్టుకెళ్లి, వయసులో ఉన్నప్పుడు ఆ ఎత్తు ఎక్కించావా అని అడిగాను. రాళ్ల లోడుతో ఎక్కించానని చెప్పి, ఆ కబుర్లలో పడి మజ్జిగ తాగేశాడు.

“అప్పుడెక్కినది ఇప్పుడెందుకెక్కదు మావయ్యా? లోపలేదో అడ్డం పడుంటాది. మెకానిక్‌కి సూపిద్దాం,” అన్నాను.

ఆ బండి మీద పరాయి చెయ్యి పడడం ఆయనకు బొత్తిగా ఇష్టం ఉండదు. చివరికి, పని జరుగుతున్నంతసేపూ తను పక్కనే ఉండేటట్టయితే సరేనన్నాడు.

మర్నాడు గజపతినగరం నుంచి మెకానిక్ వచ్చాడు. ముందు డీజిల్ ఫిల్టర్ మార్చాడు. తర్వాత ఎయిర్ ఫిల్టర్ విప్పితే దుమ్ము పట్టుకోడానికి అడుగున పోసే నూనె హల్వాలా గట్టిపడి ఉంది. గాలి పీల్చే గొట్టంలో కందిరీగలు మట్టితో గూడు కట్టుకున్నాయి, వేలు పట్టే సందు కూడా లేదు.

“ఊపిరాడక సస్తన్నాది మావా. ఇంక బలం ఎక్కడ్నించొస్తాది?” అన్నాడు మెకానిక్.

మావయ్య ఆ గూడును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎంత బాగా కట్టాయో చూడమని నాకూ చూపించాడు. అంతా కడిగి బిగించి స్టార్ట్ చేస్తే చప్పుడే మారిపోయింది. మావయ్య మెకానిక్‌ను భోజనం చేస్తే గానీ కదలనివ్వలేదు.

ఆ మధ్యాహ్నమే మేమిద్దరం మళ్లీ బయలుదేరాం. మలుపు దగ్గర ఇంజను తడబడలేదు, పొగా లేదు. నేను సంబరపడేలోపే చేతుల్లో స్టీరింగు దూదిలా తేలికైపోయింది. చూస్తే ముందు చక్రాలు జానెడు పైకి లేచి ఉన్నాయి. క్లచ్ తొక్కగానే అవి దబ్బున నేలకు దిగాయి. బ్రేకు నొక్కి పట్టి మావయ్యా అన్నాను. ఆయనకు మోకాళ్ల నొప్పి గుర్తుకు రాలేదు, గబగబా దిగి రాళ్లు పెట్టాడు.

తర్వాత ట్రక్కు తగిలించిన హుక్కు వంక చూస్తూ నిలబడిపోయాడు. ట్రక్కు సమంగా కనబడాలని ఆ హుక్కును పైకి బిగించింది తనే. లాగుడు పైనుంచి పడితే ముందు భాగం తేలిపోతుంది. ముందు ఉండాల్సిన ఇనుప దిమ్మల్ని కూడా, స్టీరింగు బరువుగా ఉందని ఏనాడో తీయించేశాడు. బలం ఉన్నంత మాత్రాన చాలదు, ఆ బలాన్ని నేలకు అదిమి పట్టాలి అని నాకు విడమర్చి చెప్పాడు.

బండిని మెల్లగా వెనక్కి దించుకుని ఇంటికొచ్చి హుక్కు కిందికి బిగించాం. దిమ్మల కోసం వెతికితే కొన్ని గడ్డివాము మీద టార్పాలిన్ ఎగరకుండా వేలాడుతున్నాయి. ఒకటి అత్త దగ్గర దొరికింది. దాన్ని మాత్రం ఆవిడ వదలనంది.

“నా కోళ్లగూడు తలుపుకి అదే అడ్డు. అది తీస్తే పిల్లి దూరతాది. నీ బండి కొండెక్కడానికి నా కోళ్లెందుకు పోవాల?”

మావయ్య పేచీ పెట్టుకోలేదు. రేకుముక్క, మేకులు తెచ్చుకుని, కూర్చుని గూటికి గడియ బిగించాడు. అత్త దాన్ని లాగి చూసి, తృప్తిపడ్డాక దిమ్మ ఇచ్చింది.

మర్నాడు మళ్లీ నిండు డ్రమ్ములతో వెళ్లాం. ఎత్తు మీద గేరు మార్చొద్దని, మలుపుకు ముందే మొదటి గేరులో వేసుకోమని మావయ్య చెప్పాడు. అలాగే చేశాను. బండి ఏనుగులా ఒక్కో అడుగూ ఆనించి ఎక్కింది. ముందు చక్రాలు నేల విడవలేదు. పైకి చేరాక ఇంజను ఆపితే చెవుల్లో గాలి చప్పుడొక్కటే మిగిలింది. మావయ్య నా బిందె కూడా తనే తీసుకుని నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. ఈసారి చివరి వరసకు కూడా కడుపునిండా అందాయి.

దిగేటప్పుడు తను నడుపుతానన్నాడు. నేను కాదనలేదు. మడ్‌గార్డు మీద కూర్చుంటే బండి ఎంత కుదుపుతుందో నాకప్పుడు తెలిసింది. ఊళ్లోకి వచ్చేసరికి అవసరం లేకపోయినా హారను కొట్టాడు. సాయంత్రం అత్త ఆయన మోకాళ్లకు నూనె రాస్తూ మా ఇద్దర్నీ కలిపి తిట్టింది. ఆ తిట్లన్నీ మేము హాయిగా పడ్డాం. తెల్లారి నేను లేచి చూసేసరికి మావయ్య బావి దగ్గర డ్రమ్ములు నింపుతున్నాడు.