గడ్డి మొలిచేదాకా

చైనా పంచాంగంలో ఏడో నెల వచ్చిందంటే, సింగపూర్‌లో మా జురాంగ్ ఈస్ట్ బ్లాకు కింద చైనావాళ్ళు పోయిన పెద్దల కోసం కాగితాలు తగలబెడతారు. ఆ బూడిద తొమ్మిదో అంతస్తుకు ఎగిరొచ్చి, కిటికీ బయటి వెదురుకర్రకు ఆరేసిన బట్టల మీద వాలుతుంది. "అమ్మా, విండో క్లోజ్ చెయ్యి లా!" అని మా అమ్మాయి ఇక్కడి యాసలో విసుక్కుంటుంది. నేను మూయను. లోపలికి వెళ్ళి, అలమరలో ఉన్న చిన్న గాజుసీసాను తాకి చూస్తాను. చల్లగా ఉంటే నిమ్మళపడతాను. ఈ పిచ్చి నాకు అంటించింది శకుంతలాంటీ.

ఐటీ ఉద్యోగాల ఊపులో చాంగీలో ప్రోగ్రాములు రాయడానికి వచ్చినదాన్ని. ఎదురు ఫ్లాటు ఆవిడది. గుంటూరు మనిషి, ఇక్కడి యూనివర్సిటీలో పాతకాలపు మట్టి మీద పరిశోధన చేసేవారు. ఒక ఆదివారం, కంప్యూటర్లో పట్టిక తయారుచేసి పెట్టమని పిలిచారు. బల్ల మీద అట్టపెట్టె ఉంది. తెరిచేముందు మూత మీద వేలితో రెండుసార్లు తట్టి, "ఇంట్లో ఉన్నారా?" అన్నారు.

"ఎవరైనా పలికితే ఏం చేస్తారాంటీ?"

"పలకాలనేగా తట్టేది!"

నవ్వాను గానీ, వీపు మీద చీమ పాకినట్టయింది. పెట్టెలో మట్టీ బూడిదా నింపిన చిన్న గాజుసీసాలు. ఒక సీసా మీద మా ఊరి పేరే ఉంది. కర్నూలు జిల్లాలో, మా నాయన చేనిలోని బూడిదదిబ్బ! రాక్షసుణ్ణి కాల్చిన చోటని ఊళ్ళో అంటారు. చిన్నప్పుడు దాని మీద జారి ఎన్ని గౌన్లు చింపుకున్నానో.

"రాక్షసుడూ లేడు, పాడూ లేదు," అన్నారు ఆంటీ. "వేల ఏళ్ళ కిందట పశువుల్ని మేపుకుంటూ, ఉలవలు చల్లుకుని బతికినవాళ్ళు. పేడ కుప్పపోసి కాల్చేవాళ్ళు. ఈ ఫొటోలో పొరలు చూడు. బూడిద, పైన ఇసుక, మళ్ళీ బూడిద. ఇసుక ఉందంటే అప్పుడక్కడ ఎవరూ లేరని. మేత తరిగితే, గడ్డి మొలిచేదాకా మందను తోలుకుని వెళ్ళిపోయేవాళ్ళు. బొగ్గులన్నీ పుల్లలవే, మాను జోలికి పోలేదు. తిరిగొచ్చి మళ్ళీ అక్కడే అంటించేవాళ్ళు."

"మరి ఆఖరిసారి?"

"అన్నిటికన్నా పైనున్నది ఇసుకేనమ్మాయ్. వెళ్ళారు. ఇంకా రాలేదు."

ఆ 'ఇంకా' వినగానే నాకు పట్టపగలే భయం వేసింది. మాట మార్చాలని, నాయన ఆ దిబ్బను చదును చేయిస్తున్నాడట, బూడిదను ఎరువుకు తోలుకుపోతారట అన్నాను. ఆవిడ ముఖం పాలిపోయింది. "ఇవాళే ఫోన్ చేసి ఆపమ్మాయ్. అడుగు పొరలు నేనింకా చూడనేలేదు. దిబ్బ పోతే వాళ్ళు చోటెలా గుర్తుపడతారు?" చదువుకున్న మనిషి అన్న మాట అది. సరేనన్నాను. ఆ వారం ఆఫీసులో ప్రాజెక్టు అప్పగించాలి. వచ్చే ఆదివారం చూద్దాంలే అనుకున్నాను. నా బద్ధకం మండిపోను!

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తే నాయన, "నిన్ననే అయిపాయ గదమ్మా," అన్నాడు. "పైన ఇసుక తీయంగానే ఎద్దుల గిట్టల గుర్తులు బయటపడినాయి. నిన్న నడిచినట్టే ఉండాయి. అన్నీ బయటికి పోయేటివే, లోపలికి వచ్చేది ఒగటీ లేదు. ఇంగో ఇచిత్రం ఇను. మీయమ్మ గ్యాసు మీదనే గదా వండేది? పొద్దున్నుంచీ ఇల్లంతా పిడకల పొగ వాసన. యాడినుంచి వస్తాందో!"

చెబితే ఆంటీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అట్టపెట్టెలోంచి ఆ సీసా తీసి నా చేతిలో పెట్టారు. "ఆ దిబ్బకు మిగిలింది ఇంతే. నీ దగ్గరే ఉండాలి. వాళ్ళొస్తే తట్టడానికి ఒక గుమ్మమంటూ ఉండొద్దూ?"

ఆవిడ పోయి ఏళ్ళయింది. ఆ ఒక్క ఫోను వాయిదా వేసినందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు. ఏ పనైనా రేపు చూద్దామనుకోగానే ఆవిడ పాలిపోయిన ముఖం కళ్ళముందు నిలుస్తుంది.

ఇవాళ కూడా బూడిద ఎగిరొచ్చింది. సీసా మూత మీద రెండుసార్లు తట్టాను. చల్లగానే ఉంది. అంతలో హాల్లోంచి మా అమ్మాయి, "అమ్మా, ఇది పేపర్ స్మెల్ కాదు. ఏంటిది?" అంది. సింగపూర్‌లో పుట్టిన పిల్ల, పిడకల పొగ ఎన్నడూ ఎరగదు. నేను కిటికీ రెండో రెక్క కూడా తెరిచి, సీసాను గట్టు మీద పెట్టాను.

వాళ్ళు చోటు గుర్తుపట్టాలి గదా, పాపం.