అమ్మ దాటనివ్వని పేర్లు

మా అమ్మకు చదువు రాదు. ఎమ్మిగనూరులో మా ఇంట్లో రోజూ పొద్దున్నే నేను బైబిల్లో ఒక అధ్యాయం చదవాలి, పత్తి తీసే కూలికి సద్ది కట్టుకుంటూ ఆమె వినాలి. ఆ తరువాతే గోనెగండ్ల వైపు పోయే ఆటో ఎక్కుతుంది.

ఒకరోజు ఎవరు ఎవరిని కన్నారో చెప్పే వంశావళి వచ్చింది. అన్నీ నోరు తిరగని పేర్లు. డిగ్రీ చదివినవాణ్ణి కదా, అమ్మకేం తెలుస్తుందిలే అని గబుక్కున పేజీ తిప్పేశాను. ఆ చప్పుడుకే పట్టేసింది.

"ఏంటికప్పా దాటేస్తివి?"

"ఒట్టి పేర్లేమ్మా. వాటిలో ఏముంది?"

అమ్మ సద్ది మూట పక్కన పెట్టింది. "పొద్దున ఆటో కాడ మేస్త్రి పేర్లు పిలుస్తాడు. నా పేరు దాటేస్తే ఆ పొద్దు నాకు పని లేదు, ఇంటికొస్తా. ఆ బాధ నీకు యాడ తెలుస్తాది? దేవుడు ఒక్కర్ని గూడా దాటెయ్యకుండా రాయించినాడు. సదువు."

సిగ్గేసింది. వెనక్కి తిప్పి తడబడుతూ మొదటినుంచి చదివాను. తెలిసినవాళ్లను పలకరించినట్టు ఒక్కో పేరుకూ అమ్మ తల ఊపింది. ఇంతలో వీధి చివర ఆటో హారన్ మోగింది. "ఇంకా నాలుగు పేర్లున్నాయమ్మా" అని నేను ఆపాను.

అమ్మ గుమ్మంలోంచి ఆటో వైపు కేకేసింది: "రోంత ఉండప్పా! ఇంగా నలుగురుండారు."