గల్లీలోకి ఆటో వచ్చిన రోజు

మొన్న ఇంటికి సున్నం వేయించడానికి సజ్జ మీది సామాను దించుతుంటే, బాపు పాత రెగ్జిన్ సంచిలోంచి కార్బన్ కాగితాల కట్ట ఒకటి జారి నా కాళ్ల దగ్గర పడింది. అంచులు ముడతలు పడి, నీలం రంగు సగం అరిగిపోయినా, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా వాసన ఉంది. కొంచెం మసి, కొంచెం మైనం, ఎక్కడో దూరంగా కిరసనాయిలు. ఇక్కడ, కేరళలో పాలక్కాడ్ పక్కనున్న ఈ పల్లెలో, నేను పంచాయతీ ఆఫీసులో గుమాస్తాను. అక్కడ ఇప్పుడు అన్నీ కంప్యూటర్లే, కార్బన్ కాగితం చూసి ఏళ్లయింది. ఆ కట్ట పట్టుకుని అలాగే గచ్చు మీద కూర్చుండిపోయాను. సున్నం వేసే మనిషి రెండుసార్లు పిలిచినా వినపడలేదు.

ఇక్కడికి రాకముందు మేం పట్నం అంచున, నాచారంలో కార్ఖానాల వెనక ఒక గల్లీలో ఉండేవాళ్లం. బాపు మల్లాపూర్‌లో వాల్వులు చేసే ఒక చిన్న షెడ్డులో ఫిట్టర్. పొద్దున సైరన్ మోగగానే గల్లీ అంతా టిఫిన్ డబ్బాల చప్పుడుతో కదిలేది. సైకిళ్లు, మోటారు సైకిళ్లు, బస్సు అందుకోవడానికి చెంగులు బిగించుకుని పరుగెత్తే ఆడవాళ్లు, అందరూ మా గుమ్మం ముందు నుంచే వెళ్లేవారు. పొద్దుగూకే వేళకి గాలిలో వాసనలు దిగేవి. పిల్లలం ఒక్కో వాసనకి ఒక్కో పేరు పెట్టుకున్నాం. ఒకటి కుళ్లిన గుడ్డు, ఒకటి మాడిన చక్కెర, ఒకటి గోళ్ల రంగు. గోళ్ల రంగు వాసన వచ్చిన రోజు ఆడపిల్లలం కావాలనే గట్టిగా పీల్చుకుని, వేళ్లు చాపి, రంగు వేసుకున్నట్టు ఊదుకునేవాళ్లం. అదేదో ఆటలా ఉండేది. దానివల్ల చెల్లె శిరీషకి ఊపిరి బిగుస్తుందని మాకు తెలియదు.

నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు కాబట్టి బిందెలు ముందు రాత్రే వరుసలో పెట్టేవాళ్లం. మా బిందె మీద ఆకుపచ్చ రంగు చుక్క ఉండేది. ఆ వరుసకి కాపలా మాదే, అంటే పిల్లలదే. వేసవి పొద్దుల్లో బిందెల పక్కన నేల మీద కూర్చుని కచ్చకాయలాడుతూ, సైకిల్ మీద వచ్చే తాటి ముంజలు కొనుక్కుని, బొటనవేలితో ఆ నీళ్లు చిందకుండా పొడిచి తాగుతూ, ట్యాంకర్ హారన్ వినపడగానే కాయలక్కడే పడేసి బిందెల మీదికి దూకేవాళ్లం. ఎవరి బిందైనా వెనక్కి జరిపారని తెలిస్తే ఆ పూట ఆట బందు.

మా ఎదురు గదిలో మల్లేశం మామ ఉండేవాడు. అమ్మకి తమ్ముడు. లేతు మిషన్ మీద పని. అప్పటికి రాష్ట్రం ఇంకా ఒక్కటే. సెలవు దొరికితే చాలు, వేరే రాష్ట్రం కావాలని జరిగే సభలకి ఉప్పల్ వైపు వెళ్లిపోయేవాడు, గొంతు బొంగురుపోయి తిరిగొచ్చేవాడు. బతుకమ్మ వస్తుందంటే మాత్రం మామ మా సొంతం. నన్ను వెనక, చెల్లెని ముందు కూర్చోబెట్టుకుని మోపెడ్ మీద చెంగిచెర్ల తీసుకెళ్లేవాడు. అప్పుడక్కడ ఇళ్లు తక్కువ, బీడు నేలలు ఎక్కువ. మోకాళ్ల దాకా గునుగు, గట్ల మీద తంగేడు, పచ్చటి రేణువులు చేతులకి అంటుకుని సాయంత్రం దాకా పోయేవి కావు. దారిలో తినడానికి అమ్మ సత్తుపిండి ముద్దలు కాగితంలో చుట్టిచ్చేది. పూల సంచి మీద కూర్చుంటే పూలు నలుగుతాయని, దారి పొడవునా దాన్ని నెత్తి మీద పెట్టుకుని వచ్చేదాన్ని.

బాపు ఈ సందడిలో ఉండేవాడు కాడు. ఆదివారం తలంటుకుని, బనీను లుంగీతో గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, రెండు తెల్ల కాగితాల మధ్య కార్బన్ పెట్టి దరఖాస్తులు రాసేవాడు. మోరీ పొంగుతోందని, గాలి పాడైందని, దవాఖానాలో డాక్టర్ లేడని. గుండ్రటి అక్షరాలు. రాసింది మాకు చదివి వినిపించేవాడు, ఏదో పాఠం చెప్పినట్టు. అమ్మ బియ్యం చెరుగుతూ ఒకసారి అంది.

"ఎవలు సదువుతరని రాస్తవ్?"

"సదవకపోతే తప్పు వాళ్లది. రాయకపోతే తప్పు నాది," అన్నాడు బాపు, తల ఎత్తకుండానే.

మా పక్క వాటాలో రోసమ్మ సిస్టర్ ఉండేది. నాచారంలోనే ఒక చిన్న క్లినిక్‌లో నర్సు. పాలక్కాడ్ దగ్గర పల్లె ఆమెది. ఆమె కొబ్బరి నూనె వాసన, ఉతికిన తెల్లబట్టల వాసన గోడ దాటి మా ఇంట్లోకి వచ్చేవి. వాళ్ల ఊళ్లో చంటి పిల్లల పేర్లన్నీ నర్సు దగ్గర పుస్తకంలో ఉంటాయని, టీకాలకి రాని వాళ్ల ఇంటికి ఆమే నడిచి వస్తుందని, పంచాయతీ వాళ్లు ఊరందరినీ కూర్చోబెట్టి ఏం చేయాలో అడుగుతారని ఆమె చెబుతుంటే, మాకవి రాజుల కథల్లాగే వినపడేవి. బాపు మాత్రం పని ఆపి వినేవాడు.

నాకు పదకొండేళ్లు, చెల్లెకి ఏడు ఉన్న సంవత్సరం, మోరీ పైపుల కోసం గల్లీ మొదట్లో అడ్డంగా పెద్ద కందకం తవ్వారు. తవ్విన వాళ్లు మళ్లీ రాలేదు. ఆటో కాదు కదా, మోపెడ్ కూడా దాటేది కాదు. చలికాలం వచ్చేసరికి దాని అడుగున నల్లటి నీళ్లు నిలిచాయి. ఒక మధ్యాహ్నం చెల్లె ఆడుతూ ఆడుతూ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. భుజాలు పైకి లేస్తున్నాయి, మాట రావట్లేదు, పెదాలు నీలంగా మారుతున్నాయి. బాపు పనిలో ఉన్నాడు. అమ్మ అరుపుకి మామ లుంగీ మీదే బయటికొచ్చి, చెల్లెని భుజాన వేసుకుని పరుగెత్తాడు. కందకంలోకి దిగాడు. తొడల దాకా ఆ నీళ్లు. అవతలి గట్టు జారి రెండుసార్లు వెనక్కి పడబోయి, మూడోసారి చెల్లెని ముందు గట్టు మీద పడుకోబెట్టి తర్వాత తను ఎక్కాడు. నేను ఒక కాలి చెప్పుతో వాళ్ల వెనక పరుగెత్తాను.

క్లినిక్‌లో రోసమ్మ సిస్టర్ మందు ఆవిరి పట్టే మాస్కు పెట్టింది. కొంచెంసేపటికి చెల్లె కళ్లు తెరిచి, మామ కాళ్లకున్న బురద చూసి నవ్వింది. బాపు షెడ్డు నుంచి గ్రీజు చేతులతో వచ్చాడు. బల్ల మీద కూర్చుని, చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీసి చూసుకున్నాడు. కందకం పూడ్చమని రాసిన దరఖాస్తు, నాలుగోది. పొద్దున ఇవ్వడానికి వెళితే ఆఫీసు తలుపు తెరవలేదు. దాన్ని మళ్లీ జేబులో పెట్టుకుని, చాలా మామూలుగా అడిగాడు.

"మీ ఊర్ల ఫిట్టర్ పని దొరుకుతదా సిస్టర్?"

ఆమె అతని ముఖం చూసి కుర్చీలో కూర్చుంది.

"పని ఉంటుంది అన్నా, ఫ్యాక్టరీలు ఉన్నాయి. కానీ జీతం ఇంత ఉండదు. అందుకే కదా నేను ఇక్కడికి వచ్చాను. జబ్బు చేస్తే భయం ఉండదు, అంతే."

"గంతే సాలు," అన్నాడు బాపు.

ఆ తర్వాత రెండు నెలలు మా ఇంట్లో ఇదే మాట. అమ్మ ఏడ్చేది, మళ్లీ చెల్లె దగ్గు వినపడగానే ఊరుకునేది. మామ మొదట నవ్వాడు.

"ఆమె గాడికెల్లి గీడికొచ్చింది. నువ్వు గీడికెల్లి గాడికి పోతనంటవ్. లోకమంతా మన పట్నం వస్తుంటే నువ్వేంది బావ?"

బాపు నిజంగానే సెలవు పెట్టి వెళ్లి పని చూసుకుని వచ్చాక మామ నవ్వు పోయింది. ఆ సాయంత్రం గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండానే మాట్లాడాడు.

"మన రాష్ట్రం మనకొస్తది బావ. మనోళ్లే ఉంటరు, మన మాట ఇంటరు. రెండేండ్లు ఆగు."

"పిల్లకు గా రెండేండ్లు ఊపిరాడాలె గద మల్లేశం."

"అందరు పోతే కొట్లాడేదెవలు?"

"కొట్లాడేటోనికి నేను దండం పెడత. నా బిడ్డ కొట్లాడలేదు."

మామ వెళ్లిపోయాడు. తర్వాత బయలుదేరే రోజు దాకా వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. అమ్మ కూర వండితే గిన్నె నాతో పంపేది. మామ గిన్నె తీసుకుని "తిన్నవా?" అని మాత్రం అడిగేవాడు.

మేం వెళ్లిపోయే రోజు పొద్దున, సామాను నెత్తిన పెట్టుకుని కందకం దాటించాలని బాపు లెక్కలు వేస్తుండగా గల్లీలో ఆటో చప్పుడైంది. అందరం బయటికి వచ్చాం. ట్రాలీ ఆటో మా గుమ్మం ముందు ఆగి ఉంది. దాని వెనక మామ, ఇంకో ముగ్గురు పనివాళ్లు, మోచేతుల దాకా మట్టి. తెల్లవారుజామునే లేచి, ఎక్కడో ఇల్లు కూలగొట్టిన చోటు నుంచి షాబాదు బండలు తెచ్చి, కందకం మీద ఇనుప పట్టాలు వేసి, వాటి మీద పరిచారు. బాపు గల్లీ చివరిదాకా నడిచి వెళ్లి, బండ మీద కాలు పెట్టి, అటూ ఇటూ కదిపి చూశాడు. పనివాడు కదా, కదులుతుందేమోనని చూశాడు. కదల్లేదు.

"సర్కారోళ్లు ఎయ్యకపోతే మనం ఏసుకోవచ్చు బావ. గిదే నీకు జెప్పాల్ననుకున్న," అన్నాడు మామ.

బాపు వంగి బండ మీది మట్టి చేత్తో తుడిచాడు. "ఎన్నెన్ని మనమే ఏసుకుందం, మల్లేశం," అన్నాడు. గొంతులో కోపం లేదు. మామ వెళ్లి ఒక మూట అందుకున్నాడు. సామానంతా తనే ఎక్కించాడు. చెల్లెని కూడా ఎత్తి కూర్చోబెట్టాడు. స్టేషన్‌కి మాత్రం రాలేదు.

రైలు మర్నాడు పొద్దున పచ్చటి కొండల మధ్యకి చేరింది. ఇక్కడికొచ్చిన మొదటి వారంలోనే గొడుగు పట్టుకుని ఒకామె గేటు తీసుకుని వచ్చింది. ఆరోగ్య కేంద్రం నర్సు. తనకొచ్చిన కొద్దిపాటి తమిళం, చేతి సైగలు కలిపి మా పేర్లు రాసుకుంది, చెల్లె వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నది, ఏ రోజు ఎక్కడికి రావాలో చెప్పి వెళ్లింది. ఆమె వెళ్లాక అమ్మ గేటు పట్టుకుని నిలబడి, "ఈమెకు మనమొచ్చినమని ఎవలు జెప్పిన్రు?" అంది. బాపు అలవాటు కొద్దీ వీధి దీపం గురించి ఎవరిచేతో మలయాళంలో దరఖాస్తు రాయించుకుని ఇచ్చి వచ్చాడు. నాలుగు రోజులకి వార్డు మెంబరైన ఒక టీచరమ్మ స్కూటర్ మీద వచ్చి ఏ స్తంభమో చూపించమంది. బాపు స్తంభం చూపించి, ఇంట్లోకి వచ్చి, ఆ సంగతి అమ్మకి రెండుసార్లు చెప్పాడు.

అంతా సుఖంగా ఉందనను. జీతం తక్కువ. నెలకోసారైనా బందులు. వానాకాలంలో గోడలకి బూజు పట్టి చెల్లెకి ఇక్కడా దగ్గు వచ్చేది. కాకపోతే మందు సమయానికి దొరికేది. బడిలో నా మలయాళం విని పిల్లలు నవ్వేవారు. మొదటి బతుకమ్మకి తంగేడు దొరక్క అమ్మ మందారాలు, ఎర్ర నూరువరహాలు పేర్చింది. ఓణం అయిపోయింది కదా, మళ్లీ పూలెందుకని పక్కింటివాళ్లు వచ్చారు. ముగ్గురమే తిరుగుతూ చప్పట్లు కొడుతుంటే కాసేపు చూసి, తమ దగ్గరా దీపం చుట్టూ ఇలాగే చప్పట్లు కొడుతూ తిరుగుతారని వచ్చి కలిశారు. వాళ్ల అడుగు వేరు, మా అడుగు వేరు. రెండు రౌండ్లు తిరిగేసరికి కుదిరింది. ఆ సాయంత్రమే అమ్మ, వచ్చాక మొదటిసారి, ఆకలేస్తుందని అంది.

రాష్ట్రం వచ్చిన రోజు మామ ఫోన్ చేశాడు. వెనక డప్పులు వినపడుతున్నాయి. అమ్మ ఏడ్చి, ఫోన్ బాపుకిచ్చింది.

"ముబారక్ మల్లేశం," అన్నాడు బాపు. అటు నుంచి ఏం విన్నాడో, "పెద్దదానికి ఈ ఏడు పదో తరగతి పరీక్షలున్నయి," అన్నాడు. ఫోన్ పెట్టేశాక గేటు దాకా వెళ్లి వచ్చాడు. తిరిగి వెళ్లే మాట మళ్లీ మా ఇంట్లో రాలేదు. బాపు, అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉన్నారు. చెల్లె త్రిశూర్‌లో ఉద్యోగం చేస్తోంది, పొద్దున్నే పరుగుకి వెళుతుంది.

పోయిన ఎండాకాలం నేనొక్కదాన్నే నాచారం వెళ్లాను. ఉప్పల్‌లో మెట్రో దిగితే దిక్కు తెలియలేదు, ఆటో అతనికి గల్లీ పేరు చెప్పినా తెలియలేదు. బాపు షెడ్డు ఉన్న చోట అపార్టుమెంటు లేచింది. సైరన్ లేదు. చెంగిచెర్లలో గునుగు పూసిన నేలంతా కాలనీలు. పూలిప్పుడు బజారులో కట్టలుగా కొంటారట. కచ్చకాయల ఆట పేరు చెబితే మామ కూతురు ఫోన్‌లో వెతికింది. గల్లీకి సిమెంటు రోడ్డు పడింది. కందకం ఎక్కడుండేదో మామే అడుగులేసి చూపించాల్సి వచ్చింది.

ఎండకి నాకు కళ్లు తిరిగితే మామ చేయి పట్టుకుని గల్లీ మొదట్లోని బస్తీ దవాఖానాకి తీసుకెళ్లాడు. రెండు గదులు, తెల్లటి గోడలు, ఫ్యాను కింద బల్లలు. కూర్చున్నాక మామ మెల్లగా అన్నాడు.

"రెండేండ్లు ఆగుమన్న గద బిడ్డ నేను. గీ దవాఖాన వచ్చేసరికి శిరీష పెద్దదై పట్నం మర్చిపోయింది. మీ బాపు పోయిందే మంచిదైంది. ఈ మాట ఫోన్ల జెప్పరాలే."

"బాపు బండల గురించి ఇప్పటికీ చెప్తడు మామ," అన్నాను. నిజంగానే చెబుతాడు.

నర్సు రక్తపోటు చూసి, పుస్తకం తీసి, ఏ ఊరని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మామ జవాబిచ్చాడు.

"గీ గల్లీల్నే పుట్టింది. రాసుకో."

ఆమె లోకల్ అని రాసుకుంది. నేను దిద్దలేదు.