నడిపించాను అని రాసిన రోజు

మాదీ, నా చిన్ననాటి స్నేహితురాలిదీ, రెండు కుటుంబాలూ గోదావరి వైపు నుంచి రైల్వే పనికి రాయ్‌పూర్ వచ్చినవే. డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా క్వార్టర్లు ఒకే వరుసలో ఉండేవి, ఆదివారం వెళ్ళే చర్చీ ఒకటే. మా నాన్న వేగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరు. వాళ్ళ నాన్న అక్కడి ఆఫీసులో క్లర్కు. క్లర్కు గనక కూతురిని ఇంగ్లీషు మీడియంలో వేశాడు. నేను హిందీ మీడియంలో చదివాను. నా కుళ్ళు ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే, ఇద్దరం వేరు వేరు రంగుల యూనిఫారాల్లో ఒకే సందులోంచి బయటికొచ్చిన పొద్దున్న అనే చెబుతాను.

తర్వాత ఇద్దరం నర్సింగు చదివాం. నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఒకే సర్జరీ వార్డులో ఉద్యోగం వచ్చింది. పనిలో నేను తనకి ఏమాత్రం తీసిపోను. పెద్దవాళ్ళకి నరం దొరక్కపోతే తనే నన్ను పిలిచేది, "నీ చెయ్యి మంచిదే, ఒకసారి రావే" అని. కానీ డాక్టర్లు రౌండుకొస్తే ఆగేది తన దగ్గర. బీమా వాళ్ళు ఫోన్ చేస్తే అడిగేది తనని. ఒకరోజు ఫోన్లో డాక్టరుతో, ఆరో నంబరు మంచం పేషెంటుని ఎవరి చేతనైనా చూపించండి అని చెప్పడానికి "ప్లీజ్ హేవ్ సమ్‌వన్ చెక్ బెడ్ సిక్స్" అంది. నేను పక్కనే దూది చుడుతున్నాను. హేవ్ అంటే కలిగి ఉండడమని కదా నేను బళ్ళో నేర్చుకున్నది! ఆ చిన్న మాటతో తను ఒక మనిషి చేత పని ఎలా చేయించిందో నాకు అర్థం కాలేదు. అడిగితే సంతోషంగా చెప్పేది. అలా చెప్పించుకోవడమే నాకు ఇష్టం లేదు.

ఇంట్లో మా అమ్మ ఊరుకునేది కాదు. "దానికి ఇంగ్లీషు ఎంత ఫటాఫట్ వస్తదో చూడు. చిన్నప్పట్నించి పక్కనే తిరిగావ్, నాలుగు ముక్కలు నేర్చుకోలేపోయావా?" అనేది. నేను గిన్నెలు గట్టిగా తోమేదాన్ని.

ఆ రోజుల్లో అభన్‌పూర్ వైపు పల్లె నుంచి ఒక ముసలాయన హెర్నియా ఆపరేషనుకి చేరాడు. మూడో రోజు పొద్దున్న బాత్రూముకి వెళ్తానని పట్టుబట్టాడు. పట్టుకుని నడిపించవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. అయినా చక్రాల కుర్చీ తెస్తాను, కాసేపు ఆగమన్నాను.

"మోలా జాన్ దే, నోనీ," అన్నాడాయన. నన్ను వెళ్ళనివ్వమ్మా అని. అనడమే కాదు, కాళ్ళు కిందకి దించేశాడు. చేసేది లేక జబ్బ కింద చెయ్యి వేసి మెల్లగా నడిపించాను. గుమ్మం దగ్గర నేల తడిగా ఉంది. ఆయన కాలు జారి కూలబడ్డాడు. నేను పట్టుకునే ఉన్నాను కాబట్టి తల గోడకి తగల్లేదు. మోచెయ్యి గీరుకుంది, అంతే. డాక్టరు వచ్చి చూసి, కుట్లు బాగానే ఉన్నాయన్నాడు.

ఇలాంటిది ఏది జరిగినా రిపోర్టు ఇంగ్లీషులోనే రాయాలి. తను పక్క మంచం దగ్గర కట్టు మారుస్తోంది. ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. మనసులో తెలుగులో అనుకుని రాశాను. నడిపించాను, జారిపడ్డాడు. "ఐ మేడ్ ద పేషెంట్ వాక్. పేషెంట్ ఫెల్ డౌన్." ఒక్క స్పెల్లింగూ తప్పు పోలేదని మురిసిపోయి సంతకం పెట్టాను.

మధ్యాహ్నం మేట్రన్ పిలిచింది. ఆమె గదిలో ముసలాయన కొడుకు నిలబడి ఉన్నాడు. చదువుకున్నవాడే, రిపోర్టు చదివాడు. మొహం ఎర్రగా ఉంది.

"తుమ్‌నే జబర్దస్తీ చలాయా?" అని అడిగింది మేట్రన్. బలవంతంగా నడిపించావా అని.

"లేదు మేడమ్, ఆయనే వెళ్తానన్నాడు. నేను పట్టుకున్నాను," అన్నాను హిందీలో.

"ఇక్కడ అలా లేదే? మేడ్ అంటే ఆయనకి ఇష్టం లేకపోయినా నడిపించావని." కాగితం ఒకసారి, నన్ను ఒకసారి చూసింది. "కిస్నే లిఖ్‌వాయా?"

ఎవరు రాయించారు! ఆ రెండు వాక్యాలు కూడా నా అంతట నేను రాయగలనని ఆమెకి తోచలేదు. నేనే రాశానంటే పోయేది. కానీ నా నోట్లోంచి తన పేరు వచ్చింది. "తనే ఇలా రాయమంది," అన్నాను.

తనని పిలిపించారు. కాగితం చదివింది. నా చేతిరాత చూసింది, నా మొహం చూసింది. తర్వాత ఆ కొడుకు వైపు తిరిగి మెల్లగా హిందీలో చెప్పింది. "మా తెలుగులో చెయ్యి పట్టుకుని నడిపించినా, తోసి నడిపించినా మాట ఒకటే అన్నా. ఈమె చెయ్యి పట్టుకుంది. హెల్ప్‌డ్ అని రాయాల్సింది, మేడ్ అని పడింది. మీ నాన్ననే అడగండి."

"నువ్వే రాయించావా?" అంది మేట్రన్.

తను కాగితం బల్ల మీద పెట్టింది. "జీ మేడమ్. గల్తీ హో గయీ," అంది, తప్పయిపోయిందని.

కొడుకు వెళ్ళి తండ్రిని అడిగాడు. ఆ పిల్ల పట్టుకోకపోతే నా తల పగిలేది, ఆమెనెందుకు తిడతారు అన్నాడట ముసలాయన. గొడవ అక్కడితో ముగిసింది. తను మాత్రం అందరి ముందూ మాటలు పడింది. ఆ ఏడాది వార్డు ఇన్‌ఛార్జిగా తననే వేస్తారని అందరం అనుకున్నాం. వేరే ఆమెను వేశారు. అది నా వల్లేనా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం తన స్కూటీ వెనకాలే కూర్చుని కాలనీకి వచ్చాను. మా గుమ్మం ముందు బండి ఆపి అడిగింది, "నేను రాయించానని ఎందుకు చెప్పావే?"

"భయమేసింది," అన్నాను.

"సర్లే, లోపలికెళ్ళు," అని బండి తిప్పుకుంది. నాకు వేసింది భయం కాదు. నన్ను కాపాడుతున్నప్పుడు కూడా తన ఇంగ్లీషు, తన హిందీ, తన నిబ్బరం చూసి నా కడుపు మండుతూనే ఉంది.

నెల తిరక్కుండా పండరీ బజారులో బట్టల కొట్ల మీద ఉన్న స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరాను. తనకి చెప్పలేదు. చీర ఫాల్ కుట్టించడానికి వెళ్తున్నానని అబద్ధమాడేదాన్ని. అక్కడ ఒక రిటైరైన మాస్టారు చెప్పేవారు. ఇష్టం లేనివాడి చేత చేయిస్తే మేక్. చేస్తానన్నవాడికి అడ్డు చెప్పకపోతే లెట్. చెయ్యవలసినవాడికి పని అప్పజెబితే హేవ్. బతిమాలో నచ్చజెప్పో చేయిస్తే గెట్. నేను వీటన్నిటినీ నడిపించు, చేయించులోని ఒక్క 'ఇంచు'తో సరిపెట్టుకుంటూ వచ్చాను. ఎవరి జీవితంలోంచి వాళ్ళు వాక్యాలు రాయండి అన్నారాయన. పక్కవాళ్ళు పిల్లల చేత పాలు తాగించారు, ప్లంబరు చేత కుళాయి బాగుచేయించారు. నేను, "ఐ మేడ్ హర్ లై," అని రాశాను. తన చేత అబద్ధం చెప్పించాను. మాస్టారు చదివి, "కరెక్ట్," అని టిక్కు పెట్టి ముందుకు వెళ్ళిపోయారు.

తర్వాత తనకి పెళ్ళయి బిలాస్‌పూర్ వెళ్ళిపోయింది. తను వెళ్ళాక నా ఇంగ్లీషు బాగుపడింది. పోల్చడానికి పక్కన తను లేకపోవడం కూడా కారణమేనేమో. ఇప్పుడు నేను ఇన్‌ఛార్జిని. కొత్త పిల్లల రిపోర్టులు నేనే దిద్దుతాను. మేడ్ అని కనిపిస్తే పెన్ను ఆపి, "అసలేం జరిగింది, నోటితో చెప్పు" అంటాను.

మొన్న క్రిస్మస్‌కి తను పిల్లలతో కాలనీకి వచ్చింది. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో పక్కకి పిలిచాను. ఎన్నో ఏళ్ళుగా కూడబెట్టుకున్న మాట ఒకటుంది.

"ఆ ముసలాయన రిపోర్టు విషయంలో నీకు సారీ చెప్పాలే," అన్నాను.

"ఏ రిపోర్టు?"

మొత్తం చెప్పాను. తను నుదురు ముడిచి వింది, తర్వాత నవ్వేసింది. "అరే, అదా! ఛోడ్ నా, వదిలెయ్యవే. నాకు గుర్తే లేదు. పద, పిన్నిని చూసి చాలా రోజులైంది."

నటన కాదు, నిజంగానే మర్చిపోయింది. ఇంటికొచ్చాక మా అమ్మ తన గడ్డం పట్టుకుని, "ఎంత చిక్కిపోయావే," అంటూ పక్కన కూర్చోబెట్టుకుంది. నేను వంటింట్లో టీ వడగడుతూ ఇద్దరి నవ్వులూ విన్నాను. నన్ను ఇన్నేళ్ళు తిన్న సంగతిని తను అంత తేలిగ్గా మర్చిపోగలిగినందుకు, దానికి కూడా కుళ్ళుకున్నాను.