ఉల్కాన్ అవ్వ వేసే ముడి

ఉల్కాన్ అవ్వ హస్తవాసి మంచిదని నారిన్ లోయలో పేరు. పెళ్లాడ్డానికి ఎత్తుకొచ్చిన పిల్ల తలకు ఆమె తెల్ల రుమాలు కట్టిందంటే ఆ పెళ్లి నిలిచినట్టే. పిల్ల ఎంత పెనుగులాడినా అవ్వ విసుక్కోదు. రొట్టెపిండి అంటిన వేళ్లు గౌనుకు తుడుచుకుని, చెదిరిన జుట్టు సర్ది, మెడ వెనక ముడి బిగించి, "ఏడ్చుకో తల్లీ, అందరం ఏడ్చే వచ్చాం" అంటుంది. ఆ తర్వాత కూర్చుని టీ తాగుతుంది.

మొన్న కట్టించుకున్న బేగిమాయ్ మాత్రం ఆ ముడి విప్పి పారేసి, కిటికీ దూకి, తిన్నగా పోలీసు ఠాణాకు పోయింది. పెళ్లికొడుకుతో పాటు అవ్వనూ పిలిపించారు.

"నేనేం చేశాను? కారు తోలానా, చెయ్యి పట్టి లాగానా?" అంది అవ్వ.

"సాయం చేసినా నేరమే అవ్వా. పిల్ల వద్దని అరుస్తుంటే వినపళ్లేదా?" అన్నాడు అధికారి.

"వినపడింది."

"మరెందుకు కట్టావు?"

"నేనూ అరిచాను నాయనా. నాకు కట్టినామె కొండమీద మట్టిలో ఉంది. ఆమెనీ పిలిపిస్తావా?" అంది. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు.

సంతకం పెట్టమంటే పెట్టింది. లేస్తూ లేస్తూ, అలవాటుగా చెయ్యి మెడ వెనక్కి పోనిచ్చి, తన రుమాలు ముడిని ఇంకాస్త బిగించుకుంది.